సర్వరు ఆయుర్దాయము

నెల మొదటి వారములో మా చిట్యాల మండలములోని ఏ చౌకధరల దుకాణము ముందు నిలబడినా ఒక మాట తరచుగా వినబడుతుంది. సంచి పట్టుకొని వచ్చిన ముసలమ్మ యంత్రము మీద వేలు పెడుతుంది. పడదు. కొంగుతో వేలు తుడుచుకొని మరల పెడుతుంది. తెర మీద చిన్న చక్రము తిరుగుతూనే ఉంటుంది. "సర్వర్ పనిచేస్తలేదు అవ్వా, రేపు రా" అంటాడు డీలరు. పత్తి ఏరే రోజులైతే ఆమెకు ఆనాటి కూలి పోయినట్లే, రేపటి కూలి కూడా సందేహమే.

ఈ సర్వరు ఎక్కడ ఉన్నదని అక్కడి వారిని అడిగితే ఒకరు హైదరాబాదులో అంటారు, ఒకరు ఢిల్లీలో అంటారు, చదువుకొన్న కుర్రవాడు 'క్లౌడు'లో అంటాడు. క్లౌడు అనే మాట విని అదేదో ఆకాశములోని వస్తువు అనుకొనవలసిన పని లేదు. సర్వరు ఒక ఇనుప పెట్టె. మన ఇళ్లలోని కంప్యూటరుకు అన్న వంటిది. దానిలోనూ పంకాలున్నవి, తిరిగే డిస్కులున్నవి, టంకము వేసిన పలకలున్నవి. అది రాత్రింబగళ్లు విరామము లేకుండా పనిచేస్తుంది. అందువల్ల అన్ని యంత్రముల వలెనే అరుగుతుంది, వేడెక్కుతుంది, ఒకనాడు ఆగిపోతుంది. ఆగిపోవుట వింత కాదు. ఒకటి చెడుతుందని తెలిసి ముందుగానే రెండవది అమర్చి పెట్టినా, అప్పుడప్పుడు రెండూ కలిసే చెడుట వింత. ఆ సంగతి తెలియాలంటే ముందు కొంత లెక్క చూడవలసి ఉన్నది.

అవ్వ వేలిముద్ర చేసే ప్రయాణమును గమనింతము. దుకాణములోని చేతి యంత్రము, దానిలోని సిమ్ కార్డు, ఊరి బయటి సెల్ టవరు, ఆ టవరు క్రింది బ్యాటరీలు, అక్కడ నుండి పోయే గాజు తీగ, మధ్యలోని స్విచ్చీలు, రౌటర్లు, పౌరసరఫరాల శాఖ సర్వరు, ఆపైన ఆధార్ సంస్థ యంత్రములు, ఇన్ని మజిలీలు దాటి "ఔను, ఈమెయే" అన్న జవాబు అదే దారిన తిరిగి రావాలి. భౌతికశాస్త్ర తరగతిలో దీపములను శ్రేణిలో కలుపుట నేర్చుకొన్నాము కదా. ఒక్క దీపము మాడితే అన్నీ ఆరిపోతవి. ఇదీ అంతే. దారిలో పది మజిలీలున్నవని, ఒక్కొక్కటి నూటికి 99 సార్లు సక్రమముగా పనిచేస్తుందని అనుకొందాము. 99 శాతము అంటే మన పరీక్షలలో గొప్ప మార్కే. కాని 0.99ని పదిసార్లు గుణిస్తే వచ్చేది 0.904 మాత్రమే. అనగా నూరుగురిలో పదిమంది వట్టి సంచితో తిరిగి పోవలసిందే. మొత్తము దారికి 99 శాతము కావాలంటే ఒక్కొక్క మజిలీ వెయ్యికి 999 సార్లు పనిచేయాలి. ఏ ఒక్కరూ పెద్ద తప్పు చేయకపోయినా పని మొత్తము చెడుటకు ఇదే కారణము. ఈ మజిలీలలో ఎక్కడ తెగినా దుకాణములో మాత్రము "సర్వర్ లేదు" అన్న ఒక్క మాటే వినిపిస్తుంది. చాలసార్లు ఆ నింద సర్వరుకు అన్యాయముగా పడుతుంది.

ఇక పెట్టెను విప్పి చూతము. దానిలో ముందుగా ముసలిదయ్యేది కదిలే భాగము. పంకాల ఇరుసులలోని కందెన ఎండుతుంది. హార్డు డిస్కులోని పలక సామాన్యముగా నిమిషమునకు 7,200 సార్లు తిరుగుతుంది. దానిపై చదివే మొన తగలకుండా తేలుతుంది. ఆ మధ్యనున్న ఎడము కొన్ని నానోమీటర్లే, అనగా వెండ్రుక మందములో వేలవ వంతు కంటె కూడ తక్కువ. ఇంత సున్నితమైన అమరిక సంవత్సరముల తరబడి నిలుచుటే ఆశ్చర్యము, చెడుట కాదు.

కదలని భాగములలో మొదట చెప్పవలసినది విద్యుత్తును సరఫరా చేసే పెట్టెలోని కెపాసిటరు. అల్యూమినియం రేకుల నడుమ ద్రవరూపములో విద్యుద్విశ్లేష్యము ఉంటుంది. వేడికి అది మెల్లగా ఆవిరై తప్పించుకొంటుంది. దీనికి ఇంజనీర్లు వాడే ఒక మోటు సూత్రము ఉన్నది: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆయువు రెట్టింపు అవుతుంది, 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుంది. ఒక కెపాసిటరు మీద "105 డిగ్రీలు, 2,000 గంటలు" అని వ్రాసి ఉన్నదనుకొందాము. అది 55 డిగ్రీల వద్ద పనిచేస్తే 50 డిగ్రీలు తగ్గినట్లు, అనగా ఐదుసార్లు రెట్టింపు. 2,000ను 32తో గుణిస్తే 64,000 గంటలు, ఏడు సంవత్సరములకు పైమాట. అదే పెట్టెను చల్లదనము లేని గదిలో పెట్టితిమి, లోపలి వేడి 65 డిగ్రీలైనది. ఇప్పుడు 32,000 గంటలే, మూడు సంవత్సరముల ఎనిమిది నెలలు. మే నెలలో మా వైపు ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఏ.సి. చెడినా, పంకా రంధ్రములకు దుమ్మూ పత్తి నూగూ పట్టినా ఈ పది డిగ్రీలు పెరుగుట ఎంతసేపు? ఏ.సి.ని గుమాస్తా గారి సుఖము కోసము పెట్టినారని, ఆయన సెలవులో ఉంటే దానిని ఆపివేయవచ్చునని తలచే కార్యాలయములు ఇంకను ఉన్నవి.

అయితే వేడి మీదనే అన్ని నేరములూ మోపరాదు. 2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు తమ వద్దనున్న లక్షకు పైగా డిస్కుల చరిత్రను పరిశీలించి ఒక పత్రము ప్రకటించినారు. మామూలు ఉష్ణోగ్రతల పరిధిలో డిస్కుల వేడికీ, అవి చెడుటకూ అందరూ ఊహించినంత సంబంధము వారికి కనబడలేదు. కెపాసిటరు సూత్రము కెపాసిటరుకే. దానిని తీసికొనిపోయి డిస్కుకు తగిలించుట శాస్త్రము కాదు.

ఆ సంవత్సరమే వచ్చిన మరొక పరిశీలన మనకు ఇంకా ముఖ్యము. డిస్కు కొన్నప్పుడు దానితో వచ్చే కాగితములో "వైఫల్యమునకు సగటు కాలము 10 లక్షల గంటలు" వంటి మాట ఉంటుంది. సంవత్సరమునకు 8,760 గంటలు. భాగించి చూస్తే 114 సంవత్సరములు! డిస్కు అనేదే 1956లో పుట్టినది కదా, 114 సంవత్సరములు ఎవరు వాడి చూచినారు? ఎవరూ చూడలేదు. వేలకొలది డిస్కులను కొద్ది నెలలు నడిపి, చెడిన వాటిని లెక్కించి, భాగహారము చేసినారు. దీనిని ఒక పోలికతో చెప్పవచ్చును. ఇరువై ఏండ్ల యువకులు వెయ్యిమందిలో సంవత్సరమునకు ఒక్కరు మరణిస్తారని అనుకొందాము. అంతమాత్రమున మనిషి సగటున వెయ్యేండ్లు బ్రతుకుతాడని అనరు కదా! యౌవనములోని లెక్క వార్ధక్యమునకు చెల్లదు. కనుక 10 లక్షల గంటలు అన్న మాటకు సరియైన అర్థము ఏమనగా, వయసులో ఉన్న వెయ్యి డిస్కులు నడుపుతుంటే ఏడాదికి సుమారు తొమ్మిది చెడుతవని. అది కూడా కాగితము మీది మాటే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ అనువారు సుమారు లక్ష డిస్కుల రికార్డులను చూడగా, ఏడాదిలో మార్చవలసి వచ్చినవి సామాన్యముగా నూటికి 2 నుండి 4 వరకు, కొన్ని చోట్ల 13 వరకు ఉన్నవి. కాగితము ప్రకారము నూటికి ఒకటి కూడా ఉండరాదు.

డిస్కు ఎట్లాగూ చెడుతుందని ఒప్పుకొన్న తరువాత చేయగలిగినది రెండవ డిస్కు పెట్టుట. వ్రాసినదంతా రెండింటిమీదా ఒకేసారి వ్రాస్తారు. ఒకటి పోయినా రెండవది ఉంటుంది. దీని బలము గుణకారములో ఉన్నది. ఒక్కొక్కటి ఏడాదిలో చెడే సంభావ్యత నూటికి 3 అనుకొందాము. రెండూ చెడే సంభావ్యత 0.03 ఇంటు 0.03, అనగా పదివేలకు 9. ఇది ఏడాది పొడుగునా ఎవరూ పెట్టె వైపు చూడకపోతే వచ్చే లెక్క. మొదటిది చెడిన మూడు రోజులలోగా క్రొత్తది అమర్చితే, ప్రమాదము ఆ మూడు రోజులకే పరిమితమై లక్షకు ఒకటి, ఒకటిన్నరకు దిగుతుంది. అనగా అరవై రెట్లు తక్కువ! ఇందులో అదనముగా కొన్న యంత్రమేమీ లేదు. చెడిన డిస్కు దగ్గర ఒక చిన్న పసుపు దీపము వెలుగుతుంది. దానిని చూచి ఎవరో ఒకరు ఫోను చేయుటే ఈ అరవై రెట్లు. ఆ దీపము నెలల తరబడి వెలుగుతూ ఉండగా దాని ముందే కూర్చొని టీ త్రాగిన వారిని నేను చూచినాను. వారు అది అలంకారమనుకొన్నారు.

ఇంతవరకు లెక్క సుఖముగా సాగినది. కాని సంభావ్యతలను గుణించుటకు గణిత ఉపాధ్యాయులు మొట్టమొదట పెట్టే షరతు ఒకటి ఉన్నది. రెండు సంఘటనలూ స్వతంత్రములై ఉండాలి. ఒక నాణెము ఎట్లా పడినదో రెండవ నాణెమునకు తెలియదు, కనుక గుణిస్తాము. రెండు నాణెములను జిగురుతో అంటించి ఎగురవేస్తే గుణకారము చెల్లదు. సర్వరు గదిలో ఈ జిగురు ఎక్కడెక్కడ దాగి ఉంటుందో కనిపెట్టుటే ఈ విద్యలో కష్టమైన భాగము.

దీనికి నాకు తెలిసిన ఉదాహరణములలో అత్యంత విచిత్రమైనది 2019 నవంబరులో బయటపడినది. హ్యూలెట్ పాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ తన సర్వర్లలో వాడే కొన్ని రకముల ఘనస్థితి డిస్కులను గూర్చి హెచ్చరిక జారీ చేసినది. వీటిలో తిరిగే పలక లేదు, అరిగేది లేదు. కాని అవి సరిగా 32,768 గంటలు నడిచిన తరువాత ఆగిపోతవట. లోపల దాచిన సమాచారము తిరిగి రాదట. మూడు సంవత్సరముల 270 రోజుల 8 గంటలన్నమాట. విద్యార్థులు ఈ సంఖ్యను గుర్తుపట్టగలరు. 2ను పదిహేనుసార్లు గుణిస్తే వచ్చేది 32,768. పదహారు బిట్లలో ధన, ఋణ సంఖ్యలను రెండింటినీ ఇమిడిస్తే చూపగల పెద్ద ధన సంఖ్య 32,767. మోటారు సైకిలు మీటరులో అన్నీ తొమ్మిదులైన తరువాత సున్నాలు వచ్చినట్లు, ఇందులో దాని తరువాత వచ్చేది ఋణ సంఖ్య. గంటల లెక్క ఈ హద్దు దాటినప్పుడు ఆ డిస్కులోని ఆజ్ఞావళి తికమకపడినదని ఆ సంఖ్యయే చెప్పుచున్నది.

ఇప్పుడు ఆలోచించండి. జాగ్రత్తపరుడైన ఒక అధికారి ఒక సర్వరులో ఎనిమిది డిస్కులు పెట్టించినాడు, రెండు పోయినా నష్టము లేకుండా ఏర్పాటు చేయించినాడు. ఎనిమిదీ ఒకే పెట్టెలో వచ్చినవి, ఒకే ఉదయమున మీట నొక్కినారు. ఎనిమిదింటి గడియారములూ కలిసి నడుస్తవి. 32,768వ గంటలో ఎనిమిదీ కలిసి పోతవి. ఎనిమిది డిస్కులని మనము అనుకొన్నాము, ఈ దోషము దృష్టిలో మాత్రము అవి ఒక్కటే డిస్కు. విషయము ముందుగా తెలిసినందున ఆజ్ఞావళిని సవరించుటకు వీలు కలిగినది. సవరణ వేసికొన్నవారు బ్రతికినారు. 2017 ఫిబ్రవరిలో సిస్కో సంస్థ కూడా ఇటువంటి ప్రకటనయే చేసినది. దాని కొన్ని రౌటర్లలో, స్విచ్చీలలో గడియార స్పందనములనిచ్చే ఒక భాగము సుమారు 18 నెలల తరువాత చెడవచ్చునని, చెడితే ఆ యంత్రము మరల లేవదని. ఒకే రకపు స్విచ్చీలు జంటగా కొన్నవారికి ఆ వార్త ఎంత నిద్రను పాడుచేసి ఉంటుందో ఊహించవచ్చును.

జిగురు బలమెంతో లెక్క వేయవచ్చును. స్వతంత్రముగా రెండూ చెడే సంభావ్యత పదివేలకు 9 అనుకొన్నాము. రెండింటినీ కలిపి పడగొట్టే ఉమ్మడి కారణమునకు నూటికి ఒక్క వంతు అవకాశమిస్తే, అనగా పదివేలకు 100, మొత్తము 109 వరకు పోతుంది. భయపడి మూడవ డిస్కు కొన్నారు. తొమ్మిది తగ్గి దాదాపు సున్నా అయినది. కాని నూరు నూరుగానే ఉన్నది! డబ్బు ఖర్చైనది, ప్రమాదము కదలలేదు.

ఉమ్మడి కారణము ఎప్పుడూ ఇంత చిత్రమైనదే కానక్కరలేదు. నాకు తెలిసిన ఒక కళాశాలలో రెండు సర్వర్లు ఉండేవి. ఒక్కొక్క దానికి విద్యుత్తు సరఫరా పెట్టెలు రెండేసి. అనగా మొత్తము నాలుగు. నాలుగు తీగలూ పోయి ఒకే యు.పి.ఎస్.లో చేరినవి. ఉపకారవేతనముల దరఖాస్తుకు చివరి దినమున కరెంటు పోయి, వచ్చి, మరల పోయినది. యు.పి.ఎస్. బ్యాటరీలు ఎప్పుడో ప్రాణము విడిచి ఉన్నవి. ఆ సంగతి అప్పుడే తెలిసినది. సర్వర్లు రెండూ ఒక్క క్షణములో ఆరినవి. పిల్లలు సాయంత్రము దాకా వరండాలో కూర్చొని, చీకటి పడిన తరువాత చివరి బస్సుకు పోయినారు. గడువు పొడిగించినారు గాని, ఆ సాయంత్రము ఆ సంగతి వారికెవరికీ తెలియదు.

గాజు తీగలకూ ఇదే న్యాయము. గ్రామములను అంతర్జాలముతో కలుపుటకు కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించిన పథకము నేడు భారత్‌నెట్ అనే పేరుతో నడుస్తున్నది. తెలంగాణలో తీగను వేయుటకు మిషన్ భగీరథ నీటి గొట్టముల కోసము త్రవ్విన కందకములనే ఉపయోగించుకొన్నారు. ఒకే త్రవ్వకముతో రెండు పనులు, మెచ్చదగిన పొదుపు. ఇటువంటి వలలలో తీగలను వలయముగా కలుపుతారు. చెరువు చుట్టూ బాట ఉన్నట్లు, ఒకవైపు తెగితే మరొక వైపు నుండి చుట్టి పోవచ్చును. కాని వలయములో పోయే తీగ, వచ్చే తీగ ఏదో ఒక ఊరి వద్ద ఒకే కందకములో ప్రక్కప్రక్కన పడుకొంటే, పటములో అవి రెండు దారులే, జె.సి.బి. బొక్కెనకు మాత్రము ఒకటే. ఇది పల్లెల అజాగ్రత్త అనుకోరాదు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వద్ద సముద్రములో రెండు అంతర్జాల తీగలు ఒకే రోజు తెగి, మన దేశము నుండి ఐరోపాకు పోయే రద్దీ చాలవరకు ఆగిపోయినది. రెండూ వేరు వేరు సంస్థలవి. అయినా రెండూ ఆ ఇరుకు దారినే పోయినవి.

ఇక చెడినట్లే తెలియకుండా చెడుట మరొక విధము. జ్ఞాపకశక్తి పలకలో ఒక బిట్టు 0 నుండి 1కి మారవచ్చును. అంతరిక్షము నుండి వచ్చే కిరణముల వలన పుట్టిన కణము తగిలినా మారుతుంది. యంత్రము ఆగదు, తప్పు జవాబు ఇస్తుంది. ఇక్కడ జంట ఉన్నా లాభము లేదు. రెండు గడియారములు రెండు వేళలు చూపితే ఏది నమ్మాలి? మూడు ఉంటే రెండింటి మాట నెగ్గుతుంది.

ఈ మూడింటి పద్ధతి తెలుగు నేలకు క్రొత్తది కాదు. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపితమైనది. దాని నిర్మాత పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు గారు. టి.డి.సి.-12 అనే కంప్యూటరును ఆ సంస్థ 1969లోనే తయారుచేసినది. అణువిద్యుత్ కేంద్రముల నియంత్రణ పరికరములను తయారుచేయుట దాని ముఖ్య కార్యములలో ఒకటి. రియాక్టరును ఆపివేసే వ్యవస్థలో మూడు వేరు వేరు మార్గములు కొలతలు తీస్తవి. వానిలో ఏ రెండు ప్రమాదమన్నా రియాక్టరు ఆగుతుంది, ఒక్కటే అంటే ఆగదు. ఒక్కొక్క మార్గము తప్పే సంభావ్యత నూటికి ఒకటి అయితే, మూడింటిలో రెండు తప్పే సంభావ్యత పదివేలకు మూడు మాత్రమే. అక్కడి ఇంజనీర్లకు జిగురు సంగతి బాగా తెలుసు. ఆ మార్గముల తీగలను ఒకే గొట్టములో పోనివ్వరు. ఒక మంట మూడింటినీ తాకకుండా దూరముగా నడుపుతారు.

ఈ దూరము లేకపోతే ఏమగునో 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా చూచినది. డేజాన్ నగరములోని ప్రభుత్వ సమాచార కేంద్రములో యు.పి.ఎస్. లిథియం బ్యాటరీలను మరొక చోటికి మార్చే పని జరుగుతుండగా మంటలు లేచినవి. ఆరు వందలకు పైగా ప్రభుత్వ సేవలు ఆగినవి. ఉద్యోగులు తమ పని పత్రములను దాచుకొనే ఒక భాండాగారములోని సుమారు 858 టెరాబైట్ల సమాచారమునకు మరొక చోట నకలు లేదు. అది దగ్ధమైనది. కరెంటు పోతే కాపాడవలసిన బ్యాటరీయే అక్కడ నిప్పు పెట్టినది.

మన అవ్వ వేలిముద్రకు ఈ విషయములో కొంత అదృష్టమున్నది. ఆధార్ సంస్థ సమాచార కేంద్రములు రెండు. ఒకటి బెంగుళూరులో, రెండవది హర్యానాలోని మానేసర్‌లో. ఒక మంటకు, ఒక వరదకు, ఒక కందకమునకు రెండూ చిక్కవు. ఆమెకు మిగిలిన చిక్కులు చాలవరకు ఇటు చివర, దుకాణము నుండి టవరు దాకా ఉన్న నాలుగైదు మజిలీలలోనివి. అక్కడ జంటలు లేవు, ఉన్నా ఒకే కరెంటు తీగకు వ్రేలాడుతుంటవి.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయ మిత్రులు ఈ విషయమును పిల్లలచేత పరీక్షింపజేయవచ్చును. కంప్యూటరు గదిలో ఒక నోటుపుస్తకము వ్రేలాడదీయండి. యంత్రము గాని, అంతర్జాలము గాని ఆగినప్పుడెల్లా తేదీ, గంట, ఆగిన భాగము, ఆ సమయమున కరెంటు ఉన్నదా, వాన గాని ఉరుము గాని ఉన్నదా, మరల నడుచుటకు ఎంతసేపు పట్టినది అని వ్రాయించండి. ఏడాది చివర పదవ తరగతి పిల్లలను ముందు ఒక్కొక్క భాగము చెడిన రోజుల నిష్పత్తి కట్టమనండి. తరువాత రెండేసి భాగముల నిష్పత్తులను గుణించి, రెండూ ఒకే రోజు ఎన్నిసార్లు చెడవలెనో లెక్కకట్టమనండి. చివరకు పుస్తకములో నిజముగా ఎన్నిసార్లు చెడినవో చూడమనండి. ఈ రెండు సంఖ్యలకు పెద్ద తేడా వచ్చిన చోట, గోడ వెంట తీగను పట్టుకొని పోతే అవి రెండూ ఎక్కడ కలుస్తవో పిల్లలకే దొరుకుతుంది.